తుప్పు – రంగు

ఉర్దూలో రెండు మాటలు ఉన్నవి. 'జే' అక్షరంతో మొదలయ్యే మాటకు తుప్పు అని అర్థం. 'జీమ్' అక్షరంతో మొదలయ్యే మాటకు యుద్ధం అని అర్థం. ఉర్దూ చదువుకున్నవారి చెవికి ఆ భేదం ఇట్టే తెలుస్తుంది. తెలుగు లిపిలోనికి వచ్చేసరికి మాత్రం రెండూ 'జంగ్' అయి కూర్చున్నవి. తెలంగాణ ప్రాంతంలో ఇనుముకు 'జంగు పట్టినది' అనడం అందరూ ఎరిగినదే. కోస్తా జిల్లాలలో మనం తుప్పు అంటాము. పాత గ్రంథాలలో 'త్రుప్పు' అని కనబడుతుంది. భాషాబోధకులమైన మాకు ఈ రెండు మాటలు ఒకే రూపు దాల్చడం చాలాకాలం ఒక వినోదంగా మాత్రమే ఉండినది. ఒక పాత లారీని దగ్గరుండి బాగు చేయించిన తరువాత, లిపి చేసిన ఆ కలగాపులగంలో కొంత న్యాయం కూడా ఉన్నదని తోచినది.

తెలుగు అధ్యాపకులు కళాశాల సంచికకు వ్రాసే వ్యాసమంటే ప్రబంధ నాయికల గురించియో, అలంకార శాస్త్రం గురించియో ఉంటుందని విద్యార్థులు ఊహించుట సహజం. అయితే మన తరగతి గదులలో కూర్చున్నవారిలో టింకరు పని చేసే తండ్రులకు, వెల్డింగు చేసే అన్నలకు, లారీ నడిపే మామలకు చెందిన పిల్లలు తక్కువ లేరు. వారి ఇండ్లలోని విద్య పుస్తకాలకు ఎక్కలేదు గాని అది విద్య కాకపోలేదు. మేము కన్న మేరకు దానిని ఇక్కడ వ్రాయదలచినాము.

మా కుటుంబానికి ఒక ఆరు చక్రాల లారీ కలదు. 2003లో తయారైన దానిని మా అబ్బా 2006లో ఇంకొకరి వద్ద కొన్నారు. చినగంజాం ఉప్పు కొఠార్ల నుండి ఉప్పు బస్తాలు మోయుటే దాని పని. అబ్బా 2019లో మరణించేవరకు ఆయనే నడిపినారు. ఆ తరువాత మా అన్నగారు నడుపుతున్నారు. మా చదువు, మా ఎం.ఏ. పట్టా, అక్కగారి వివాహం, అన్నీ ఆ లారీ తొట్టిలో నుండి దిగినవే.

ఉప్పు మోసే బండికి ఆయుష్షు తక్కువ అని లారీవారి మాట. దానికి కారణం తెలుసుకోవడం కష్టం కాదు. ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, గాలిలోని ప్రాణవాయువు రెండూ కావలెను. కాచి చల్లార్చి గాలి సోకకుండా నూనె పోసిన నీటిలో మేకు వేస్తే అది తుప్పు పట్టదని పాఠశాలలోనే ప్రయోగం చేసి చూపుతారు. నీటిలో ఉప్పు కలిస్తే ఆ నీరు విద్యుత్తును చక్కగా ప్రసరింపజేస్తుంది. ఇనుము కరగడం, తుప్పుగా మారడం వేగం పుంజుకుంటుంది. పైగా కొఠారు ఉప్పులో శుద్ధమైన ఉప్పు ఒక్కటే ఉండదు. సముద్రజలంలోని మెగ్నీషియం క్లోరైడు కూడా కొంత ఉంటుంది. అది గాలిలోని తేమను లాగుకొని తనలో దాచుకొంటుంది. అందుచేత వర్షం పడకున్నా బస్తాలు చెమర్చుతవి, ఆ చెమ్మ తొట్టి సందులలోనికి కారుతుంది. బస్తాలు దించినా ఉప్పు దిగిపోదు.

మరొక సంగతి. రాగికి చిలుము పడితే అది లోపలి రాగికి కొంత తెరవలె కాపుదల ఇస్తుంది. అల్యూమినియంపై ఏర్పడే పొర అంతకన్నా గట్టి కవచం. ఇనుము తుప్పుకు ఆ గుణం లేదు. అది గుల్లగా ఉంటుంది, పొరలు పొరలుగా రాలుతుంది, రాలిన చోట కొత్త ఇనుము బయటపడుతుంది. తాను పుట్టిన ఇనుము కన్నా తుప్పు కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందువలననే రంగు క్రింద అది ఉబ్బి బొబ్బలు కట్టుతుంది, రెండు రేకులు కలిసిన అతుకును విడదీస్తుంది. బొబ్బ కనబడే నాటికి లోపలి యుద్ధం సగం ముగిసినట్లే.

గత మే నెలలో మా లారీ పరిస్థితి ఇట్లుండినది. తలుపుల అడుగుభాగం జల్లెడయింది. మడ్‌గార్డులు చేతితో నొక్కితే పెళుసు అప్పడాలవలె విరుగుచున్నవి. డ్రైవరు కాళ్ళ క్రింది రేకుకు చిల్లుపడి, దానిపై పరచిన రబ్బరు చాప తీస్తే రోడ్డు కనబడుచున్నది. జూన్ 9వ తేదీతో ఫిట్‌నెస్ గడువు ముగియనున్నది. ఎనిమిదేండ్లు దాటిన సరుకు వాహనానికి ఏటేటా ఆ ధ్రువపత్రం కావలెను. పదిహేనేండ్లు దాటినవాటికి 2022 ఏప్రిల్ నుండి రుసుము కూడా బాగా పెరిగినది. మే నెల అంటే కొఠార్లలో ఉప్పు తీసే ముమ్మరపు కాలం. వర్షాలు పడితే ఆ పని ఆగిపోతుంది. బండి నిలిచిన ప్రతి దినమూ కిరాయి పోయినట్లే.

అటువంటి సమయంలో ఒక బ్రోకరు ఇంటికి వచ్చినాడు. "మూడు రోజులు చాలు సాయిబుగారూ! చిల్లులకు గోనెగుడ్డ కూరి పైన పుట్టీ పట్టిద్దాం. రంగు పడితే పెండ్లికొడుకే. ఎఫ్.సి. కాగానే బేరం నేనే తెస్తాను" అన్నాడు. ఖర్చు రూ. 14,000 అన్నాడు. మేస్త్రీని అడిగితే, కుళ్ళిన రేకంతా కోసి కొత్తది వేయుటకు పదకొండు రోజులు, రూ. 52,000 అన్నాడు. ఇంట్లో ఉన్నది ఒక చీటీ. అన్నగారి అమ్మాయి ఇంటర్మీడియట్ పూర్తిచేసినది. డిగ్రీలో చేర్చుటకని ఆ చీటీ కట్టుచున్నారు.

ఆ రాత్రి అందరమూ కూర్చున్నాము. మూడు రోజుల పనిని సమర్థించే మాటలు తక్కువ లేవు. అందరూ చేసేదే గదా అన్నది ఒకటి. కొనేవాడు చూచుకొని కొనుక్కొనును గదా అన్నది ఇంకొకటి. అమ్మీ మాత్రం, "బండి లేకపోతే నెల ఎట్లా గడుస్తుంది? పిల్ల చదువు ఆగితే మళ్ళీ సాగుతుందా?" అని అడిగినది. ఆ ప్రశ్నను తోసివేయదగినది కాదు. చివరకు అన్నగారు ఒక్కమాట అన్నారు. "కొనేవాడు చూచేది రంగు. వాని డ్రైవరు కాలు పెట్టేది రేకు మీద. అక్కడ రేకు లేదని మనకు తెలుసు. తెలిసి అమ్మేదెట్లా?" ఆ మాటకు ఎవరమూ బదులు చెప్పలేదు. మరుసటి దినమే చీటీ పాడినారు. పాటలో పోయినది పోగా మిగిలిన డబ్బు తీసుకొని, బండిని విజయవాడ జవహర్ ఆటోనగర్‌కు తోలినారు. వేసవి సెలవులు గనుక మేమూ వెంట వెళ్ళినాము.

ఆటోనగర్‌లో ఉదయం ఎనిమిదింటికే సుత్తి మ్రోతలు మొదలగును. ఒక వీధిలో కమాను పట్టీలు, ఒక వీధిలో రేడియేటర్లు, ఒక వీధిలో లారీ తొట్లు. ఎవరి పని వారిది. మేస్త్రీ మొదట చేసినది సుత్తి పట్టుట కాదు, నీళ్ళ పైపు పట్టుట. మంచినీటితో రెండు పూటలు బండిని కడిగించినాడు. అతుకులలో, ఛాసిస్ మూలలలో దాగిన ఉప్పు పోనిదే ఎంత రంగు వేసినా వ్యర్థమట. రంగు క్రింద ఉప్పు రవ్వ మిగిలితే అది తేమను పిలుచుకొని కొద్ది నెలలలోనే బొబ్బ తెప్పిస్తుంది. వైద్యుడు కట్టు కట్టక ముందు పుండు కడుగుట వంటిదే ఇది.

తరువాత చిన్న సుత్తి తీసుకొని బండి అంతా తట్టుకుంటూ తిరిగినాడు. గట్టి ఇనుము ఖంగుమన్నది. కుళ్ళిన చోట బొద్దుగా, ఎండిన గుమ్మడికాయపై కొట్టినట్లు పలికినది. అనుమానం కలిగిన చోట మరచుట్టు త్రిప్పే పుల్లతో పొడిచి చూచినాడు. సుద్దతో గీతలు గీసినాడు. ఛాసిస్ దూలాలపై పొట్టు లేచి ఉన్నదే గాని లోపల ఇనుము గట్టిగా ఉన్నదని తేలగానే మా అన్నగారి ముఖంలో వెలుగు వచ్చినది. ఛాసిస్ తిన్నదైతే ఆ బండి తుక్కుకే పోవలెను. దానికి అతుకులు పెట్టి బరువు మోయించుట ప్రాణాలతో చెలగాటం. క్యాబిన్ రేకులు, తలుపులు, మడ్‌గార్డులు, తొట్టి వెనుక భాగపు రేకు మార్చితే చాలునని నిర్ణయమైనది.

బ్యాటరీ తీగలు విప్పినారు, డీజిల్ ట్యాంకును దింపి దూరంగా పెట్టినారు. వెల్డింగుకు ముందు ఈ రెండూ మరువరాదని మేస్త్రీ తన దగ్గర పని నేర్చే కుర్రవానికి రెండుసార్లు చెప్పినాడు. అటుపై కోత. కుళ్ళు కనబడే మేరకే గాక, దాని చుట్టూ గట్టి ఇనుము తగిలేదాకా కోయవలెనట. కుళ్ళిన అంచుకు కొత్త రేకును అతికిస్తే వెల్డింగు వేడికే ఆ అంచు కరిగి జారిపోతుంది. డ్రైవరు కాళ్ళ క్రింది రేకును కోసి బయట పడవేసినప్పుడు మేము దానిని చేతిలోకి తీసుకొని చూచినాము. క్లచ్ పెడలు ప్రక్కన మడమ ఆనే చోట ఒక గుంట ఉన్నది. పదమూడేండ్లు అబ్బా మడమ ఆనినది అక్కడనే. చుట్టూ తుప్పు తినివేసినా ఆ గుంట మాత్రం నునుపుగా మెరయుచున్నది. రోజూ రాపిడి తగులుచున్న చోట తుప్పుకు నిలుచుటకు తావు చిక్కలేదు కాబోలు. మేస్త్రీ కుర్రవాడు దానిని తుక్కు కుప్పలో వేయబోతే అన్నగారు ఆపి, ఆ గుంట ఉన్నంత మేర జానెడు ముక్క కోయించి దాచుకొన్నారు.

తలుపులు ఎందుకు ముందుగా పోయినవో కూడా అక్కడనే తెలిసినది. తలుపు అడుగున నీరు పోవుటకు చిన్న రంధ్రాలు ఉంటవి. అద్దం సందులోంచి దిగిన వాన నీరు వాటి గుండా కారిపోవలెను. ఏనాడో ఒకసారి రంగు వేసినప్పుడు ఎవరో వాటిని పుట్టీతో పూడ్చివేసినారు. అందంగా కనబడుటకు మూసినది అదే. లోపల నీరు నిలిచి తలుపును తిన్నదీ అదే. ఈసారి మేస్త్రీ ఆ రంధ్రాలలో పుల్లలు గ్రుచ్చి ఉంచి, రంగు పని అంతా ముగిసిన తరువాతనే తీయించినాడు.

కోయనవసరం లేని చోట్ల తుప్పును వైరు బ్రష్షుతో, ఉప్పుకాగితంతో గీకినారు. ఉప్పు పాడుచేసినదానిని ఉప్పుకాగితం బాగుచేయుట చూచి, భాషలోని ఈ చమత్కారానికి మాలో మేము నవ్వుకొన్నాము. గీకినా ఇనుము గుంటలలో ఎర్రని రేణువులు మిగిలే ఉంటవి. వాటిపై ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన ద్రావకం పూసినారు. మిగిలిన ఆ తుప్పు దానితో కలిసి ఐరన్ ఫాస్ఫేటుగా మారి నల్లని పొర కట్టినది.

ఈ పని చూచుచుండగా మాకు ఢిల్లీలోని ఇనుప స్తంభం జ్ఞాపకం వచ్చినది. కుతుబ్ మీనారు ప్రక్కన, కువ్వతుల్ ఇస్లాం మసీదు ప్రాంగణంలో నిలిచిన ఆ స్తంభం గుప్తుల కాలం నాటిది. ఎత్తు ఏడు మీటర్లకు పైన, బరువు ఆరు టన్నులకు పైన. ఇనుప ముద్దలను కాల్చి సుత్తులతో అతికి దానిని తయారుచేసినారు. సుమారు 1600 సంవత్సరాలుగా ఎండలో, వానలో ఉన్నా అది తుప్పుతో శిథిలం కాలేదు. ఆ ఇనుములో ఫాస్ఫరస్ ఎక్కువగా ఉండుట వలన పైన ఒక పలుచని ఫాస్ఫేటు పొర ఏర్పడి కాపాడుచున్నదని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యం పరిశోధించి వివరించినారు. ఢిల్లీ పొడి వాతావరణం కూడా దానికి తోడ్పడినది. గుప్తుల నాటి కమ్మరి ఇనుములో ఇమిడిపోయిన గుణాన్ని, ఆటోనగర్ మేస్త్రీ సీసాలోంచి బ్రష్షుతో పూయుచున్నాడు. ఇద్దరూ రసాయన శాస్త్రం చదివినవారు కారు.

ద్రావకం కడిగి ఆరగానే, అదే పూట రెడాక్సైడు ప్రైమరు పడవలెను. గీకిన ఇనుమును ఒక రాత్రి అట్లే వదిలితే తెల్లవారేసరికి పసుపు పూసినట్లు మరల తుప్పు మొలుచును. మా చిన్నతనంలో వీధిలోనికి కళాయి పోసేవారు వచ్చేవారు. గిన్నెను ఇసుకతో తోమి, కాల్చి, నవాసారం చల్లి శుభ్రం చేసి, ఆ వేడి మీదనే తగరం పూసేవారు. శుభ్రతకు, పూతకు నడుమ ఆలస్యం ఉండరాదన్న సూత్రం అక్కడా ఇక్కడా ఒక్కటే.

ప్రైమరుపై పుట్టీ. దీనిని మేస్త్రీ నిందించలేదు. సొట్టలు పూడ్చుటకు, గీతలు కప్పుటకు అది కావలసినదే. అయితే కాగితమంత పలుచగా, ఆరిన ప్రైమరుపై, పూత తరువాత పూతగా పట్టవలెను. చిల్లులో కూరిన పుట్టీ తేమను పీల్చి లోపలి నుండి రేకును తినిపిస్తుంది. ఆరిన పుట్టీని నీళ్ళు చల్లుతూ మొదట 220, పిమ్మట 400 నంబరు కాగితంతో రుద్దినారు. నీళ్ళతో రుద్దుట నునుపు కోసమే గాక ఊపిరి కోసం కూడా. పాత లారీల రంగులలో సీసం ఉండవచ్చును. ఒకప్పుడు ఇనుముకు పూసిన ఎర్ర సిందూరం సీసపు సమ్మేళనమే. ఇండ్లకు వేసే రంగులలో సీసం పది లక్షలకు 90 భాగాలు మించరాదని 2016లో మన దేశంలో నియమం చేసి, 2017 నవంబరు నుండి అమలు చేసినారు. దానికి ముందు పూసిన పూతలు పాత ఇనుముపై ఇంకా ఉన్నవి. పొడిగా రుద్దితే ఆ ధూళి పనివాని రొమ్ములోనికే పోవును. ఆ కుర్రవాడు ముక్కుకు రుమాలు కట్టుకొన్నాడు. రుమాలు చాలదని, తగిన మాస్కు కొనుమని మేము చెప్పి, కొనిచ్చి వచ్చినాము. మన విద్యార్థులలో సెలవులలో ఈ పనికి పోయేవారు ఉన్నారు. వారు ఈ వాక్యాన్ని తప్పక గుర్తుంచుకోవలెను.

అది రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ. ఎండ రంగుకు మంచిదని మేము తలచినాము గాని, కాలిన రేకుపై కొట్టిన రంగు పారక ముందే ఎండి గరుకు తేలుతుందట. అందుచేత తెల్లవారుజామున నేల తడిపి, దుమ్ము అణచి, అద్దాలకు పాత వార్తాపత్రికలు అంటించి రంగు కొట్టినారు. ఒక దళసరి పూత కన్నా రెండు పలుచని పూతలు మేలు. రంగు ఏది అన్న చర్చ లేదు. రిజిస్ట్రేషను పుస్తకంలో ఉన్నదే వేసినాము. నేషనల్ పర్మిట్ లారీలకు ఎండుటాకు రంగు, తెల్లని అంచులు ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో ఉండినది. మాది రాష్ట్రంలోపల తిరిగేది గనుక అబ్బా ఏరుకొన్న ఆకుపచ్చ రంగే నిలిచినది.

చివరి పని అక్షరాలది. వ్రాసినది ఒక ముసలి పెయింటరు. అందరూ చాచా అంటారు. వెనుక 'హారన్ ప్లీజ్' అని, ప్రక్కన రెండు తామరపూలు వేసినాడు. ముందు పలకపై పైన ఉర్దూలో 'మా కీ దుఆ' అని, దిగువ తెలుగులో 'అమ్మ దీవెన' అని వ్రాయవలెను. కొలబద్ద లేదు, దారం లేదు. ఉర్దూ వరుసను కుడి నుండి ఎడమకు వ్రాసుకుంటూ పోయి, ఆ ఎడమ కొన వద్దనే తెలుగు వరుస మొదలుపెట్టి కుడికి వచ్చినాడు. నిచ్చెన ఒక్కసారే జరిపినాడు. "రెండు భాషలు వచ్చిన వానికి నడక కలిసివస్తుంది బేటా" అని నవ్వినాడు. రెండు భాషలలో వెలువడే ఈ సంచికకు అంతకన్నా మంచి మాట మాకు దొరకలేదు.

జూన్ 7వ తేదీన తనిఖీ జరిగినది. అధికారి రబ్బరు చాప ఎత్తి చూచినారు, తలుపులు వేసి తీసి చూచినారు, ఛాసిస్‌ను చేతిదీపంతో పరిశీలించినారు. ఒక సంవత్సరానికి ధ్రువపత్రం వచ్చినది. వర్షాలకు ముందు మిగిలిన దినాలలో అన్నగారు రేయింబవళ్ళు ఉప్పు తోలినారు. ఆ కిరాయిలో కొంత, మా జీతంలో కొంత కలిపి అమ్మాయి రుసుమును రెండు వాయిదాలలో చెల్లించినాము. ఆమె ఇప్పుడు రసాయన శాస్త్రం ప్రధానంగా డిగ్రీ చదువుచున్నది.

విద్యార్థి మిత్రులారా! ఆ పదకొండు రోజులలో బండికి రంగు వేసిన కాలం రెండు పూటలు మాత్రమే. తక్కినదంతా కడుగుట, తట్టి వినుట, కోయుట, గీకుట. చూచేవారికి కనబడేది ఆ రెండు పూటల పనే. బండిని నిలిపేది తక్కినది. పైన పటారం లోన లొటారం అన్న సామెత ఎవరో పండితుడు పుట్టించినది కాదు, ఇటువంటి పనివారు చూచి చెప్పినదే అయి ఉండవలెను. పరీక్షలకు ముందు మూడు రోజులలో చదువును పుట్టీ పట్టి ముగించదలచేవారు మా అన్నగారి లెక్క ఒకసారి వేసుకొందురు గాక. ఆ చదువు మీద రేపు ఇంకొకరు కాలు పెట్టవలసి ఉంటుంది.

తుప్పు మాత్రం ఓడిపోయినదని ఎవరూ అనుకోవద్దు. ఉప్పు దించిన ప్రతి సాయంకాలమూ అన్నగారు మంచినీటితో తొట్టి కడుగుచున్నారు. నెలకొకసారి తలుపుల అడుగున రంధ్రాలలో పుల్ల పెట్టి చూచుచున్నారు. వచ్చే జూన్‌లో మరల తనిఖీ ఉన్నది.